పైకి చూడకండి

మొన్న వేసవి సెలవుల్లో మా మావయ్య మనవలను విశాఖ మ్యూజియానికి తీసుకువెళ్లాను. మావయ్యా మాతో వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు వేసిన బాంబు ఒకటి పేలకుండా మిగిలి అక్కడ ఉంది. పిల్లలకు మ్యూజియం మొత్తంలో నచ్చింది అదొక్కటే. "ఇది పేలలేదా?" అని చిన్నవాడు కాస్త నిరాశగా అడిగాడు.

మావయ్య నవ్వాడు. "పేలలేదురా. పేలినవి కూడా పెద్దగా చేసిందేమీ లేదు. పోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ మాత్రానికే ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పరుగు తీసింది. మీ తాతమ్మ వాళ్లూ అందులోనే ఉన్నారు."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను, అలాగని ఆ క్షణంలో జవాబూ తట్టలేదు. మావయ్య చెప్పిన లెక్క తప్పేమీ కాదు. 1942 ఏప్రిల్ 6 నాటి దాడిని లంకతోనో, కలకత్తాతోనో పక్కన పెట్టి చూస్తే చిన్నదే. ముందు రోజు ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద పెద్ద దాడి జరిగింది. మర్నాడు రియూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన కొన్ని విమానాలు విశాఖ, కాకినాడ రేవుల మీద బాంబులు వేసి వెళ్లిపోయాయి. సముద్రం మీద జరిగిన నష్టం మాత్రం చిన్నది కాదు. ఆ రెండు రోజుల్లో బంగాళాఖాతంలో సుమారు 20 సరుకు ఓడలు మునిగాయి. అయితే మ్యూజియంలో మనవలకు చూపించడానికి ఓడలు లేవు, ఈ బాంబు ఉంది. అది కూడా పేలనిది.

ఇంటికి వచ్చాక కూడా ఆ నవ్వు నన్ను వదలలేదు. "ఆ మాత్రానికే" అన్న మాట మరీ గుచ్చుకుంది. ఆ మాట మీద కొన్ని నెలలు ఆలోచించి, కొంత చదివి, పెద్దమ్మను విసిగించి, ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మమ్మ అలవాటు

మా అమ్మమ్మకు ఒక అలవాటు ఉండేది. నెత్తిమీద విమానం చప్పుడు వినిపిస్తే చేస్తున్న పని ఆపి, గుమ్మం కిందికి వచ్చి నిలబడేది. విశాఖలో విమానాలకు కొదవ లేదు కాబట్టి రోజుకు రెండు మూడు సార్లు ఈ తంతు ఉండేది. ఆమె భయపడినట్టు కనిపించేది కాదు. వాన చినుకు పడితే చూరు కిందికి జరిగినంత మామూలుగా జరిగేది. మేం మాత్రం విమానం వెంట వాకిట్లోకి పరుగెత్తేవాళ్లం. అప్పుడు ఆమె గొంతు మారిపోయేది. "పైకి చూడకండి! లోపలికి రండి!"

ఆమె చెప్పిన తీరు మీరు గమనించాలి. "భయపడకండి" అనేది కాదు, "పరుగెత్తండి" అనేది కాదు. పైకి చూడవద్దు అనేది. చిన్నప్పుడు నాకు ఇది దిష్టి లాంటి నమ్మకం అనిపించేది. పెద్దయ్యాక ఒకసారి అడిగితే, "చూస్తూ నిలబడినవాళ్లే పోయారు. రంగంలో. మా నాన్న చెప్పాడు" అంది. అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగవలసిన వయసులో ఎవరు అడుగుతారు?

రంగం అంటే రంగూన్, అప్పటి బర్మా రాజధాని. మా వైపు పాతవాళ్లు అలాగే అనేవారు. గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో డెక్కు టికెట్ కొనుక్కుని ఓడ ఎక్కి రంగం వెళ్లడం ఒకప్పుడు ఇవాళ హైదరాబాద్ వెళ్లినంత మామూలు సంగతి. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు. ఓడల్లో సరుకు దించే కూలీల్లో, వీధులు ఊడ్చి మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో ఉన్న నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతీయులు. మా ముత్తాత అక్కడి రేవులో ఒక మేస్త్రీ కింద పని చేశాడు. 1930 మే నెలలో తెలుగు కూలీల సమ్మె, దాని వెంట జరిగిన అల్లర్లు చూసి కూడా తిరిగి రాలేదు. అలాంటి మనిషి అన్నమాట.

వింత చూడటానికి వచ్చినవాళ్లు

1941 డిసెంబరు 23 పొద్దున జపాన్ విమానాలు మొదటిసారి రంగూన్ మీదికి వచ్చాయి. సైరన్ మోగింది. జనం ఇళ్లలోంచి, దుకాణాల్లోంచి, గోదాముల్లోంచి వీధుల్లోకి వచ్చారు. దాక్కోవడానికి రాలేదు, చూడటానికి వచ్చారు. అంత ఎత్తున, వెండిలా మెరుస్తూ, వరుస తప్పకుండా ఎగిరే విమానాలను వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు. మింగలాడన్ విమానాశ్రయం నుంచి లేచిన మన వైపు విమానాలు వాటిని ఎదుర్కొంటుంటే ఆ పోరు చూడటానికి మరింత మంది గుమిగూడారు. బాంబులు వాళ్ల మధ్యే పడ్డాయి. ఆ ఒక్క పూటలో చనిపోయినవాళ్లు రెండు వేలకు పైనే అని చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువ మంది అంటారు. రెండు రోజులకు, సరిగ్గా క్రిస్మస్ నాడు, విమానాలు మళ్లీ వచ్చేసరికి వీధుల్లో వింత చూసేవాళ్లు లేరు.

ఇది రంగూన్ జనం అమాయకత్వం అని కొట్టేయడానికి లేదు. 1915లో లండన్ మీదికి జెప్పెలిన్లు అనే జర్మన్ ఆకాశనౌకలు వచ్చినప్పుడు అక్కడి జనం కూడా ఇలాగే మేడలెక్కి, వీధుల్లోకి వచ్చి చూశారు. ప్రతి ఊరికీ మొదటి దాడి కొంత వినోదమే. ఆకాశం నుంచి వచ్చేది తనను ఉద్దేశించి వస్తుందని మనిషి ఒంటికి తెలియదు. ఒకసారి తెలిశాక ఇక మరిచిపోదు. అందుకే మొదటి దాడికీ రెండో దాడికీ మధ్య తేడా బాంబుల బరువులో ఉండదు, కింద ఉన్న మనుషుల్లో ఉంటుంది.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. విశాఖ మీద పడింది విశాఖకు మొదటి దాడి. కానీ విశాఖ జనం దాన్ని రెండో దాడిలా ఎదుర్కొన్నారు. ఎందుకంటే వాళ్ల మొదటి దాడి మూడున్నర నెలల ముందు, సముద్రానికి ఆవలి ఒడ్డున, వాళ్ల అన్నదమ్ముల మీద, మొగుళ్ల మీద జరిగిపోయింది. ఆ సంగతి ప్రభుత్వ ప్రకటనల్లో రాలేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఓడ దిగినవాళ్లతో, కలకత్తా వైపు నుంచి వాల్తేరు స్టేషన్‌లో రైలు దిగినవాళ్లతో వచ్చింది. కాలికి పుండ్లతో, చంకలో పిల్లతో, ఒక్కొక్కరు తమ వీధికి తాము మోసుకొచ్చారు. ఏప్రిల్ 6న విశాఖలో తక్కువ మంది చనిపోవడానికి జపాన్ వాళ్లు తక్కువ విమానాలు పంపడమే ముఖ్య కారణం, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఊరు ఖాళీ కావడాన్ని పిరికితనం అనేవాళ్లు ఒక్కటి ఆలోచించాలి. వాళ్లకు తెలిసినంత ఆ రోజు కలెక్టరు ఆఫీసులో ఎంత మందికి తెలుసు?

ఎవరు వెళ్తే ఏమంటారు

ఆ నెలల సంగతులు చదువుతుంటే నాకు మాటల మీద కోపం వచ్చింది. మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను ఊటీకి, మదనపల్లెకు, చిత్తూరుకు పంపింది. మద్రాసు జంతు ప్రదర్శనశాలలో క్రూరమృగాలను, బాంబులు పడితే బోను తప్పించుకుంటాయేమోనని, కాల్చి చంపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు వెళ్లింది. వీటన్నిటికీ పుస్తకాల్లో ఉన్న మాట "తరలింపు". రేవు కూలీ పెళ్లాం పిల్లలతో చోడవరం బండి ఎక్కితే ఆ మాట "పారిపోవడం" అవుతుంది. అది భయం, ఇది ముందుజాగ్రత్త. బాంబు ఒక్కటే, సముద్రం ఒక్కటే.

రంగూన్‌లో ఇది మరీ నగ్నంగా జరిగింది. డిసెంబరు దాడుల తర్వాత వేల మంది కూలీలు ప్రోము అనే ఊరి దారి పట్టి ఉత్తరానికి నడిచారు. వాళ్లు వెళ్లాక కానీ ఆ నగరం ఎవరి చేతుల మీద నడుస్తోందో దొరలకు తెలియలేదు. శవాలు తీసేవాళ్లు లేరు, మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్లు లేరు. రేవులో సరుకు దించేవాళ్లు లేరు. చైనాకు వెళ్లవలసిన యుద్ధ సామగ్రి అంతా ఆ రేవు గుండానే వెళ్లాలి. దాంతో దారిలో ఉన్న కూలీలకు నచ్చజెప్పి, భయం లేదని చెప్పి, వేల మందిని వెనక్కి మళ్లించారు. వెనక్కి వచ్చినవాళ్లు ఫిబ్రవరి చివరిలో నగరాన్ని ఖాళీ చేస్తున్నారని తెలిశాక మళ్లీ అదే దారి పట్టారు. ఈసారి ఎండ ముదిరింది, నీళ్లు తగ్గాయి, కలరా మొదలైంది. మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లో అడుగుపెట్టింది. ఆ ఏడాది బర్మా నుంచి ఓడ మీదో, కాలి నడకనో వచ్చిన భారతీయులు దాదాపు ఐదు లక్షలు. దారిలో రాలిపోయినవాళ్లకు సరైన లెక్క లేదు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అన్న ఆరోపణ అలహాబాదులో జరిగిన కాంగ్రెస్ సమావేశం దాకా వెళ్లింది.

అంటే మొదట "పారిపోయినవాళ్లు" ఎక్కువ మంది బతికారు. ధైర్యంగా వెనక్కి వెళ్లినవాళ్లు ఎక్కువ నష్టపోయారు. మా ముత్తాత వెనక్కి వెళ్లినవాళ్లలో ఒకడు. ప్రోము సగం దూరంలో ఉండగా ఎవరో గుమస్తా వచ్చి కూలి పెంచుతామని, రేవులో కందకాలు తవ్వించామని చెప్పాడట. నమ్మాడు.

లెక్క కుదరలేదు

ఇక్కడ దాకా రాసుకున్నాక పెన్ను ఆగింది. ముత్తాత ఫిబ్రవరి చివర రంగూన్ వదిలితే, ప్రోము నుంచి అరకాను కొండల్లో టౌంగప్ కనుమ దాటి, పడవ మీద అక్యాబ్ రేవు, అక్కడి నుంచి చిట్టగాంగ్, కలకత్తా, ఆ తర్వాత రైలు. ఏప్రిల్ 6కి విశాఖ ఎలా చేరతాడు? చేరకపోతే "మా నాన్న చెప్పాడు" అన్న అమ్మమ్మ మాట ఏమవుతుంది? అప్పటికి ఆమెకు పదకొండేళ్లు. నా వాదన మొత్తం ఆ ఒక్క మాట మీద కట్టుకున్నాను.

పెద్దమ్మకు ఫోను చేశాను. ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "తాత వచ్చేసరికి ఇంటికి తాళం ఉందిరా. అందరూ శృంగవరపుకోట వెళ్లిపోయారు కదా. ఆ మాట చెప్పింది తాత కాదు. పక్కింటావిడ. ఆవిడ పిల్లలను వేసుకుని సంక్రాంతి తర్వాత ఓడలో వచ్చేసింది. బావి దగ్గర చెప్పేదట, ఆకాశం వైపు చూస్తూ ఎలా నిలబడ్డారో, తన మరిది కూడా ఎలా నిలబడ్డాడో. మా అమ్మ నీళ్లకు వెళ్లినప్పుడల్లా విని వచ్చి రాత్రి పక్క తడిపేదట."

మొదట నిరుత్సాహపడ్డాను. తర్వాత ఆలోచిస్తే ఇదే ఎక్కువ నమ్మదగిందిగా ఉంది. ఆడవాళ్లకూ పిల్లలకూ ముందుగా ఓడల్లో చోటు దొరికింది. మగకూలీలను రేవు పనికి ఉంచేయాలని చూశారు. అంటే రంగూన్ వార్త ఈ ఒడ్డుకు మొదట తెచ్చింది ఆడవాళ్లే. బావి దగ్గర పుట్టిన మాట కాబట్టి దానికి పుకారు అని పేరు పెట్టడం అధికారులకు సులువైంది. అమ్మమ్మ కూడా, పెద్దయ్యాక, ఆ మాటకు విలువ రావాలని కాబోలు, పక్కింటావిడ నోట్లోంచి తీసి తండ్రి నోట్లో పెట్టింది. నేను ఆమెను తప్పుపట్టను. నేనూ ముత్తాత చెప్పాడనే ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నాను.

పుకార్లు లేవని అనడం లేదు. జపాన్ సైనికులు భీమిలిలో దిగారని, వంతెనలు పేల్చేశారని ఆ వారం ఊరంతా చెప్పుకున్నారట. వాటిలో ఒక్కటీ నిజం కాదు. ఇళ్లకు తాళాలు వేసి వెళ్లినవాళ్ల సామాను దొంగలపాలైంది. ఎద్దుబండి అద్దె పదింతలైందని పెద్దమ్మ అంటుంది, ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టే సంగతి వేరే ఉంది. పల్లెలో చుట్టాలున్నవాళ్లు, బండికి డబ్బున్నవాళ్లు వెళ్లగలిగారు. ఆసుపత్రిలో మంచం మీద ఉన్నవాళ్లు, రోజు కూలి ఆగితే పొయ్యి వెలగనివాళ్లు ఆకాశం కింద అలాగే మిగిలారు. మా వాళ్లకు శృంగవరపుకోటలో మేనమామ ఇల్లు ఉంది. తెలియడం ఒకటి, తెలిసి కదలగలగడం మరొకటి. "తెలిసినవాళ్లు వెళ్లారు" అని నేను గర్వంగా రాసినప్పుడల్లా, తెలిసీ వెళ్లలేనివాళ్లు ఆ వాక్యంలోంచి జారిపోతున్నారు.

ఫౌజులో పనిచేసిన పెద్దాయన

మా కాలనీలో ఒక పెద్దాయన ఉండేవాడు. మద్రాసు సాపర్స్ అనే సైనిక ఇంజినీరింగ్ దళంలో చేరి 1944లో ఇంఫాల్ వైపు పనిచేసి వచ్చాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు పింఛను కాగితాలు రాసిపెట్టడానికి వెళ్లేవాణ్ణి. మొదటిసారి బాంబులు పడ్డప్పుడు ఎలా ఉంది అని అడిగాను, ఏదో వీరగాథ వింటానన్న ఆశతో. ఆయన చెప్పింది నేల గురించి. ఛాతీని నేలకు అదిమి పడుకుంటే నేల అదరడం పళ్లలో తెలుస్తుందట. మూత తీసి ఉన్న టీ కెటిల్‌లో మట్టి పడుతుందేమోనన్న దిగులు తప్ప ఆ క్షణంలో వేరే ఆలోచనే రాలేదట. లేచాక చూస్తే తన పక్కవాడు లేవలేదు.

మీకు పారిపోవాలనిపించలేదా అని అడిగాను. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "నాకు తవ్విన గుంట ఇచ్చారు బాబూ. తుపాకీ ఇచ్చారు. లేవకురా అని అరవడానికి ఒక హవల్దారును ఇచ్చారు. నెల తిరిగేసరికి జీతం ఇచ్చారు. ఊళ్లోవాళ్లకు ఏమిచ్చారు?"

సైనికుల జ్ఞాపకాలు, పౌరుల జ్ఞాపకాలు పక్కపక్కన పెట్టి చదివితే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సైనికుడికి ఎన్ని విమానాలు, ఏ దిక్కు నుంచి, ఎంత ఎత్తులో అన్నది గుర్తుంటుంది. అవి గమనించడం అతని పని. పౌరుడికి పొయ్యి మీద ఏముందో, ఏ పిల్ల చేయి వదిలిందో గుర్తుంటుంది. మన చరిత్ర మొదటివాడి లెక్కలతోనే రాస్తారు కాబట్టి విశాఖ దాడి రెండు వాక్యాల్లో అయిపోతుంది. అదే ఏప్రిల్ 6న అక్యాబ్ దగ్గర ఇండస్ అనే మన నౌకాదళం ఓడ జపాన్ బాంబులకు మునిగిపోయింది. దానికీ ఒక వాక్యమే. ఆ అక్యాబ్ దారినే మా ముత్తాత వచ్చాడు. ఓడ మునిగినప్పుడు ఆయన దాటిపోయాడో, ఇంకా వెనకే ఉన్నాడో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.

తాళం వేసిన ఇల్లు చూసి ఆయన రెండు రాత్రులు అరుగు మీదే పడుకున్నాడట. తాళం పగలగొట్టలేదు. బీటు తిరిగే కానిస్టేబుల్ లేపి, ఊళ్లో ఎవరూ లేరు నువ్వేం చేస్తున్నావని కసిరితే, ఇది నా ఇల్లు అని చెప్పడానికి సాక్ష్యం పలికే పొరుగువాడు కూడా వీధిలో లేడు. మూడో రోజు శృంగవరపుకోట నడిచి వెళ్లాడు. అరకాను కొండలు దాటినవాడికి అదొక లెక్కా అని మా ఇంట్లో నవ్వుతూ చెప్పుకుంటాం. మళ్లీ రంగం పేరెత్తలేదు. విశాఖ రేవులో పనికి కుదిరాడు.

1971

ఇదంతా మావయ్యకు చదివి వినిపించాను. ఆయన ఒప్పుకోలేదు. "పక్కింటావిడ చెప్పిందని ఊరు వదిలేస్తే దేశాలు నిలబడవు" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. రేవు ఆగిపోతే యుద్ధం ఓడిపోతారు, ఆసుపత్రి ఆగిపోతే రోగులు పోతారు. ఎవరో ఒకరు ఉండాలి. కానీ ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఒకే రకం మనుషులు ఎందుకవుతారు, వాళ్లకు గుంట తవ్వకుండానే ధైర్యం ఎందుకు అడుగుతారు అన్నదానికి ఆయన జవాబు చెప్పలేదు. మాట మార్చి 1971 సంగతి ఎత్తాడు. ఆయనే ఎత్తాడు, నేను కాదు.

పాకిస్తాన్ యుద్ధం మొదలైన రోజులు. విశాఖలో బ్లాక్ అవుట్. కిటికీలకు నల్ల కాగితాలు, కార్ల దీపాలకు సగం నల్లరంగు. డిసెంబరు 3 అర్ధరాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించి కిటికీలు గడగడలాడాయి. అది ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిన చప్పుడని తర్వాత తెలిసింది. మావయ్యకు అప్పుడు పన్నెండేళ్లు. అమ్మమ్మ మిగతా పిల్లలను గుమ్మం కిందికి లాగి లెక్కపెట్టుకుంటే ఒకడు తక్కువ. ఈయన డాబా ఎక్కాడు. ఆమె చీకట్లో మెట్లెక్కి వెళ్లి, మెడ పట్టుకుని కిందికి లాక్కొచ్చి, చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆమె పిల్లల మీద చెయ్యి చేసుకోవడం అదొక్కసారేనని పెద్దమ్మ కూడా చెప్పింది.

"ఏం చూశావు డాబా మీద?" అని అడిగాను.

మావయ్య చెంప తడుముకున్నాడు, తనకు తెలియకుండానే. "ఏమీ కనిపించలేదురా. అంతా చీకటి."